కాలు జారిందని వదిలేయకండి

ఇంట్లో పెద్దవాళ్లు పడ్డారని ఫోన్ వస్తే మనం అడిగే మొదటి ప్రశ్న ‘దెబ్బ ఎక్కడ తగిలింది?’ అని. రెండోది ‘ఎలా పడ్డారు?’ అని. రెండో ప్రశ్నకు జవాబు దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే... ‘బాత్రూంలో కాలు జారింది’. ఆ తర్వాత ‘చూసుకుని నడవొద్దూ’ అని చిన్న మందలింపు, కాస్త ఆయింట్‌మెంటు, ఒక నొప్పి మాత్ర. అంతటితో ఆ సంగతి మర్చిపోతాం.

అడగాల్సిన మూడో ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది. అదే బాత్రూంలో అదే తడిలో ఇంట్లో అందరూ తిరుగుతున్నారు. వాళ్లెవరూ పడలేదు. ఆయనే ఎందుకు పడ్డారు?

జ్వరం వస్తే ‘ఒళ్లు కాలింది’ అని ఊరుకోం. ఎందుకొచ్చిందో కనుక్కుంటాం. 60 దాటిన మనిషి పడిపోవడం కూడా అలాంటి లక్షణమే. దాని వెనక రక్తపోటు ఉండొచ్చు, రోజూ వేసుకునే మాత్ర ఉండొచ్చు, కంటిలో శుక్లం ఉండొచ్చు, కాళ్లలో కరిగిపోయిన కండ ఉండొచ్చు. చాలాసార్లు వీటిలో రెండు మూడు కలిసి ఉంటాయి. నేల మీది తడి ఆఖరి కారణం మాత్రమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 65 దాటినవారిలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు ఏడాదికి ఒక్కసారైనా పడుతున్నారు. అన్ని వయసులవారినీ కలిపి చూస్తే ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల ప్రాణాలు కోల్పోతున్నారు. ప్రమాదవశాత్తూ గాయపడి చనిపోయేవారిలో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఆ చనిపోయేవారిలో పెద్ద వయసువారే ఎక్కువ. రోడ్డు మీదికి వెళ్తుంటే ‘జాగ్రత్త నాన్నా’ అంటాం. రాత్రి రెండు గంటలకు చీకట్లో బాత్రూంకి వెళ్లే నాన్నకు ఆ మాట చెప్పేవారుండరు.

‘పడలేదు, కూర్చున్నానంతే!’

పడిన సంగతి చాలామంది పెద్దలు పిల్లలకు చెప్పరు. మోచేతి మీద కమిలిన మచ్చ చూసి అడిగితే ‘తలుపు తగిలింది’ అంటారు. అబద్ధం చెప్పాలని కాదు. చెబితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. రేపటి నుంచి పెరట్లోకి వెళ్లనివ్వరు, గుడికి ఒంటరిగా పంపరు, ఊళ్లో ఇల్లు తాళం వేయించి సిటీ ఫ్లాట్‌లో ఓ గదిలో కూర్చోబెడతారు. స్వేచ్ఛ పోతుందనే భయం నొప్పి కంటే పెద్దది.

అందుకని అడిగే తీరు మార్చాలి. తప్పు పట్టుకుంటున్నట్టు కాకుండా మాటల మధ్యలో మూడు ప్రశ్నలు అడగండి. ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా? లేచేటప్పుడో నడిచేటప్పుడో తూలినట్టు ఉంటోందా? పడిపోతానేమోనని భయంగా ఉంటోందా? మూడింటిలో ఒక్కదానికి ‘అవును’ అన్నా డాక్టర్‌తో మాట్లాడాల్సిందే.

వాళ్లు చెప్పకపోయినా కొన్ని గుర్తులు పట్టిస్తాయి. నడుస్తూ గోడనో, కుర్చీ వీపునో, ఫ్రిజ్జునో తాకుతూ వెళ్తున్నారా? కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు ఊగి మూడోసారి లేస్తున్నారా? సాయంత్రం పూట బయటికి వెళ్లడం ఏ కారణమూ చెప్పకుండా మానేశారా? ఇవన్నీ పడటానికి ముందు వచ్చే కబుర్లే.

లేవగానే కళ్లు తిరిగితే...

పడుకున్న మనిషి లేచి నిలబడగానే రక్తం కాళ్లవైపు దిగుతుంది. గుండె, రక్తనాళాలు వెంటనే సర్దుకుని మెదడుకు రక్తం తగ్గకుండా చూస్తాయి. వయసు పైబడ్డాక ఈ సర్దుబాటు నెమ్మదిస్తుంది. షుగర్ పాతబడినా, పార్కిన్సన్స్ జబ్బు ఉన్నా, ఒంట్లో నీరు తగ్గినా ఇంకా ఆలస్యమవుతుంది. ఆ నాలుగు క్షణాల్లోనే కళ్లు బైర్లు కమ్మి మనిషి తూలిపోతాడు.

దీన్ని కనిపెట్టడానికి ఖరీదైన పరీక్షలు అక్కర్లేదు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే చాలు. 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడాలి. తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడాలి. పక్కన ఒకరు పట్టుకునేలా ఉండాలి. పై అంకె 20 లేదా కింది అంకె 10, అంతకంటే ఎక్కువ తగ్గితే తేడా ఉన్నట్టే. ఆ అంకెలు రాసుకుని డాక్టర్‌కి చూపించండి. ఆసుపత్రిలో ఎప్పుడూ కూర్చోబెట్టే బీపీ చూస్తారు కాబట్టి ఈ సంగతి చాలామందిలో బయటపడనే పడదు.

అలాంటివాళ్లు మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకూడదు. ముందు ఓ నిమిషం కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోవాలి. పాదాలు పదిసార్లు పైకీ కిందికీ ఆడించాలి. తర్వాత మంచం పట్టుకుని నిలబడి, తల తిరగడం లేదనుకున్నాకే అడుగు వేయాలి. పగలు సరిపడా నీళ్లు, మజ్జిగ తాగాలి. మన ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్లు తగ్గించమని డాక్టర్ చెప్పి ఉంటే ఆ లెక్కే పాటించాలి.

మాత్రల డబ్బా ఒకసారి విప్పండి

60 దాటిన ఇళ్లలో టీవీ పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో గుండె డాక్టర్ రాసినవి, షుగర్ డాక్టర్ రాసినవి, మూడేళ్ల కిందట నిద్ర పట్టట్లేదని తెచ్చుకున్నవి, పక్కింటాయన ‘బాగా పనిచేస్తుంది’ అని చెప్పినవి కలిసిమెలిసి ఉంటాయి. ఒక డాక్టర్ రాసింది ఇంకొకరికి తెలియదు.

వీటిలో కొన్ని మనిషిని పడేయగలవు. ఆల్ప్రాజోలామ్, క్లోనాజిపామ్, డయాజిపామ్ లాంటి నిద్రమాత్రలు మత్తుతో పాటు తూలుడూ తెస్తాయి. ప్రోస్టేట్ సమస్యకు వాడే టామ్సులోసిన్ లాంటివి లేవగానే బీపీ తగ్గేలా చేయగలవు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్రలు రాత్రిపూట వేసుకుంటే నిద్రలోంచి నాలుగుసార్లు లేపుతాయి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లామైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకుని టిఫిన్ ఆలస్యం చేస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, తూలడం మొదలవుతాయి. జలుబుకు దుకాణంలో కొనుక్కునే మాత్రల్లో కొన్ని కూడా పెద్దవారిని రోజంతా మగతలో ఉంచుతాయి.

ఇది చదివి ఏ మాత్రనూ సొంతంగా ఆపొద్దు. గుండె మాత్రనో బీపీ మాత్రనో హఠాత్తుగా మానితే ముప్పు ఇంకోవైపు నుంచి వస్తుంది. ఏళ్ల తరబడి వేసుకున్న నిద్రమాత్రనైతే మెల్లమెల్లగా తగ్గించాలి, ఒక్కరోజులో ఆపకూడదు. చేయాల్సింది ఒకటే. మొత్తం డబ్బాను ఒక సంచీలో వేసుకుని, నాటు మందులు, పొడులతో సహా, ఒకే డాక్టర్ ముందు పెట్టండి. ‘మా అమ్మ పడింది. వీటిలో ఏవి అవసరం, ఏవి తగ్గించవచ్చు, ఏది ఏ పూట వేసుకోవాలి?’ అని అడగండి. కనీసం ఆరు నెలలకోసారి ఈ పని చేయాలి.

కన్ను చూడాలి, పాదం తెలుసుకోవాలి

మనిషి నిటారుగా నిలబడటానికి మూడు చోట్ల నుంచి మెదడుకు సమాచారం వెళ్తుంది. కంటి నుంచి, లోపలి చెవి నుంచి, పాదాల నుంచి. ఒకటి తగ్గితే మిగతా రెండూ సర్దుతాయి. రెండు తగ్గితే కష్టం. పగలు బాగా నడిచే షుగర్ మనిషి కరెంటు పోగానే తూలుతాడంటే కారణం ఇదే. పాదాల స్పర్శ ఎప్పుడో తగ్గిపోయింది, అప్పటిదాకా కళ్లే నడిపిస్తున్నాయి.

కాబట్టి 60 దాటాక ఏడాదికోసారి కంటి పరీక్ష తప్పదు. శుక్లం ‘ముదరనీ’ అని ఆగడం పాతకాలం మాట. రోజువారీ పనికి చూపు అడ్డమవుతోందంటే ఆపరేషన్‌కి సమయం వచ్చినట్టే. 70 దాటిన మహిళల మీద ఇంగ్లండ్‌లో జరిగిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. మొదటి కంటికి శుక్లం ఆపరేషన్ త్వరగా చేసినవారిలో, ఆలస్యంగా చేసినవారితో పోలిస్తే, పడిపోవడం 34 శాతం తగ్గిందని అందులో తేలింది. ఇంకో చిన్న విషయం... దూరానికీ దగ్గరికీ కలిపి ఉండే కళ్లద్దాల్లోంచి మెట్లు దిగేటప్పుడు కిందికి చూస్తే మెట్టు మసకగా కనిపిస్తుంది. మెట్ల దగ్గర గడ్డం కాస్త కిందికి వంచి అద్దం పైభాగంలోంచి చూడటం అలవాటు చేసుకోవాలి.

పాదాలు తిమ్మిరెక్కడం, దూది మీద నడుస్తున్నట్టు ఉండటం షుగర్ వల్లే కాదు, బి12 విటమిన్ లోపం వల్ల కూడా వస్తుంది. పూర్తి శాకాహారులు, మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడేవారు, రోజూ గ్యాస్ మాత్ర వేసుకునేవారు ఒకసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. లోపం తేలితే మందు ఖరీదైనదేం కాదు. ఆలస్యమైతే మాత్రం పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

కూర్చోబెట్టడం సేవ కాదు

అసలు సంగతి ఇక్కడుంది. నాన్న ఒకసారి పడగానే ఇంట్లో అందరూ ఒకటే మాట... ‘నువ్వు కదలకు, అన్నీ మేం చూసుకుంటాం’. మంచినీళ్లు చేతికొస్తాయి, కాఫీ మంచం దగ్గరికొస్తుంది. ప్రేమతోనే చేస్తాం. కానీ కదలని కాలు కండను పోగొట్టుకుంటుంది. కండ తగ్గితే మళ్లీ పడతారు. అప్పుడు ఇంకాస్త గట్టిగా కూర్చోబెడతాం. ఇదొక గానుగ.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసువారిని 10 రోజులు మంచానికే పరిమితం చేసి అమెరికాలో పరిశీలించారు. ఆ 10 రోజుల్లోనే కాళ్లలోని కండ దాదాపు కిలో తగ్గిపోయింది. ఇది 2007 నాటి మాట. అంతకుముందు 1990లో బోస్టన్‌లో ఇంకో ప్రయోగం జరిగింది. వృద్ధాశ్రమంలో ఉంటున్న 90 ఏళ్ల వయసువారితో 8 వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. వాళ్ల కాళ్ల బలం రెండింతలు దాటింది. 90 ఏళ్ల కండ కూడా పని చెబితే పెరుగుతుందన్నమాట. ‘ఈ వయసులో ఇంకేం వ్యాయామం’ అనేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

మీ కాళ్ల సత్తా ఎంతో ఇంట్లోనే చూసుకోవచ్చు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు గుండెల మీద కట్టుకుని, ఐదుసార్లు పూర్తిగా నిలబడి కూర్చోండి. 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టే. ఇంకోటి... కుర్చీలోంచి లేచి, మామూలు నడకతో 3 మీటర్లు వెళ్లి, తిరిగొచ్చి కూర్చోండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడే ముప్పు ఎక్కువ. పక్కన మనిషి లేకుండా ఈ పరీక్షలు చేయొద్దు.

వ్యాయామం అంటే జిమ్ముకి వెళ్లక్కర్లేదు. ఇదే కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం పదిసార్లు. అదే గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం, తర్వాత కాలు మార్చడం. ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు తాకేలా, గోడ పక్కనే, పది అడుగులు నడవడం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేస్తే చాలు. వాకింగ్ గుండెకు మంచిదే. పడకుండా ఉండటానికి మాత్రం అదొక్కటే సరిపోదు, బలం, నిలకడ పెంచే వ్యాయామాలు కావాలి. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి ఒక విశ్లేషణలో వ్యాయామం వల్ల పడిపోవడాలు 23 శాతం తగ్గాయని తేలింది. ఛాతీనొప్పి, ఆయాసం ఉన్నవారు, ఈమధ్యే ఆపరేషన్ అయినవారు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి.

కండకు పనితో పాటు తిండీ కావాలి. మన ఇళ్లలో పెద్దవాళ్ల రాత్రి భోజనం రెండు ఇడ్లీలో, కాస్త మజ్జిగన్నమో. తేలిగ్గా అరుగుతుందనుకుంటారు కానీ అందులో మాంసకృత్తులు అంతంతమాత్రం. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 60 గ్రాములు అవసరం. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 8 గ్రాములు, కప్పు పప్పులో 7 గ్రాముల దాకా ఉంటాయి. లెక్క వేసుకుంటే ఎంత తగ్గుతోందో మీకే తెలుస్తుంది. పూటపూటకూ పప్పు, పెరుగు, గుడ్డు, చేప, శనగలు, పెసలు... ఏదో ఒకటి ఉండేలా చూడండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

మణికట్టు చెప్పే మాట

పడిన ప్రతివారికీ ఎముక విరగదు. గుల్లబారిన ఎముకే తేలిగ్గా విరుగుతుంది. ఆడవారిలో నెలసరి ఆగిన తర్వాత ఐదారేళ్లలో ఎముకల సాంద్రత వేగంగా పడిపోతుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. మొదటి కబురు విరగడమే.

55 ఏళ్ల అమ్మ వాకిట్లో పడి, చెయ్యి ఆనించడంతో మణికట్టు విరిగిందనుకోండి. కట్టు వేయించి, ఆరు వారాలకు విప్పించి, అయిపోయిందనుకుంటాం. నిలబడ్డ ఎత్తు నుంచి పడి ఎముక విరిగిందంటే ఎముకలు గుల్లబారాయేమో చూడమని అర్థం. వీపు వంగుతున్నా, పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లు తగ్గినా అంతే. వెన్నుపూసలు నలిగినా చాలామందికి తెలియదు. డెక్సా స్కాన్‌లో ‘టి స్కోర్’ మైనస్ 2.5, అంతకంటే కిందికి ఉంటే ఎముకల గుల్లదనం ఉన్నట్టు. నల్గొండ, ప్రకాశం లాంటి చోట్ల ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లతరబడి తాగినవారిలో ఎముక స్కాన్‌లో గట్టిగానే కనిపించినా నిజానికి పెళుసుగా ఉండొచ్చు. ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి.

కీళ్ల నొప్పులకు పేరు లేని పొడులు, ‘ఒక్క ఇంజెక్షన్‌తో లేచి పరిగెత్తా’రనే సూదులు వాడేవాళ్లు జాగ్రత్త. అలాంటి వాటిలో స్టెరాయిడ్లు ఉండే అవకాశం ఉంది. నొప్పి తగ్గిస్తూనే అవి ఎముకను తినేస్తాయి.

నెలసరి ఆగిన మహిళకు రోజుకు 1200 మిల్లీగ్రాములు, పెద్ద వయసు మగవారికి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల వరకు, పెద్ద గ్లాసు పాలలో 300 దాకా ఉంటుంది. పెరుగు, నువ్వులు, మునగాకు, ముల్లుతో తినే చిన్న చేపలు కూడా మంచివే. రాగి జావ, రెండు పూటలా పెరుగు, వారంలో రెండుసార్లు మునగాకు పప్పు ఉంటే చాలా దూరం వచ్చినట్టే.

డి విటమిన్ విషయంలో రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. ఒకటి అసలు పట్టించుకోకపోవడం. తెల్లవారుజామున వచ్చే లేత ఎండ హాయిగా ఉంటుంది కానీ డి విటమిన్ తయారీకి అంతగా పనికిరాదు. పొద్దున పది దాటాక చేతులు, కాళ్లకు తగిలే ఎండ కావాలి. వేసవిలో వడదెబ్బ ముప్పు ఉంది కాబట్టి ఆ నెలల్లో జాగ్రత్త. రెండో పొరపాటు, 60,000 యూనిట్ల పొట్లాలు నెలల తరబడి సొంతంగా వేసుకోవడం. ఆస్ట్రేలియాలో పెద్ద వయసు మహిళలకు ఏడాదికోసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, పడటాలు, ఎముకలు విరగడాలు తగ్గకపోగా పెరిగాయి. 2010లో ఈ ఫలితం బయటికొచ్చింది. మంచిదే కదా అని మోతాదు మించకూడదు.

ఈ ఆదివారం ఇంట్లో ఓ చుట్టు తిరగండి

ఇవాళ సెలవే కాబట్టి పెద్దవారితో కలిసి ఇల్లంతా ఒకసారి నడవండి. వాళ్ల మంచం దగ్గర మొదలుపెట్టి బాత్రూం దాకా, రాత్రి వాళ్లు నడిచే దారిలోనే.

మంచం పక్క నుంచే అందేలా స్విచ్ ఉందా? లేకపోతే ఓ టార్చిలైటు దిండు పక్కన పెట్టండి. దారిలో చిన్న రాత్రి బల్బు వెలగనివ్వండి. అంచులు లేచిన పట్టలు, జారే డోర్‌మ్యాట్లు, నేల మీద సాగిన చార్జర్ వైర్లు తీసేయండి. పసుపు రాసిన గడప మసక వెలుతురులోనూ కనిపిస్తుంది. గచ్చు రంగులోనే ఉన్న రాతి గడప కనిపించదు. దాని మీద పసుపురంగు టేపైనా అంటించండి.

బాత్రూంలో కమోడ్ పక్కన, స్నానం చేసే చోట నడుము ఎత్తున స్టీలు కడ్డీలు గోడలోకి దిగేలా బిగించాలి. టవల్ వేసే కడ్డీ మనిషి బరువు ఆపలేదు, పట్టుకోగానే ఊడొస్తుంది. నేల మీద రబ్బరు మ్యాట్, కూర్చుని స్నానం చేయడానికి కాళ్లు కదలని గట్టి బల్ల ఉండాలి. తేలికైన ప్లాస్టిక్ స్టూలు జారిపోతుంది. తలంటు రోజున పాదాలకు నూనె అంటకుండా చూడాలి. లోపల గడియ వేసుకోవద్దని చెప్పండి. తలుపు బయటికి తెరుచుకునేలా ఉంటే ఇంకా మేలు. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడితే తీయడం కష్టం.

అరిగిపోయిన హవాయి చెప్పులు పారేసి, మడమ దగ్గర పట్టీ ఉన్నవి కొనండి. లుంగీ, చీర కుచ్చిళ్లు చీలమండ పైకి ఉండాలి. చేతికర్ర పొడవు, మనిషి నిలబడి చేయి వదిలేసినప్పుడు మణికట్టు ఎత్తుకు రావాలి. నొప్పి కుడికాలికైతే కర్ర ఎడమచేతిలో ఉండాలి. కర్ర కింది రబ్బరు బుడిపె అరిగితే మార్చాలి. చేతికర్ర పట్టుకోవడం నామోషీ అనుకునే తండ్రులకు ఒక్కమాట చెప్పండి... మంచం పట్టడం కంటే కర్ర పట్టడం మర్యాదే.

పడితే ఏం చేయాలి?

పడగానే రెక్క పట్టుకుని లేపేయకండి. ఓ నిమిషం అలాగే ఉండనివ్వండి. తెలివిలో ఉన్నారా, ఎక్కడ నొప్పి ఉంది, కాళ్లు చేతులు కదులుతున్నాయా చూడండి. షుగర్ ఉంటే గ్లూకోమీటర్‌తో పరీక్షించండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒకవైపు చేయి లేవకపోయినా అది పక్షవాతం కావచ్చు. నిమిషాలు విలువైనవి.

తుంటి దగ్గర నొప్పితో కాలు మోపలేకపోతున్నా, ఆ కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగి ఉన్నా తుంటి ఎముక విరిగిందనే అనుకోవాలి. నూనె పెట్టి తోమడం, కాలు లాగడం చేయొద్దు. కదిలించకుండా 108కి ఫోన్ చేయండి. చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లే అలవాటు మన దగ్గర ఉంది. తుంటికి మాత్రం ఏ కట్టూ పనికిరాదు. తొడ ఎముక మెడ దగ్గర విరిగితే ఎముక తలకు రక్తం అందే దారే తెగిపోవచ్చు, కట్టుతో అది అతకదు.

ఇక్కడే చాలా కుటుంబాలు తడబడతాయి. ‘80 దాటాయి, ఇప్పుడు ఆపరేషన్ ఏం తట్టుకుంటుంది, మంచం మీదే ఉంచుదాం’ అంటారు. నిజానికి తట్టుకోలేనిది మంచమే. నెలల తరబడి పడుకుంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. తుంటి విరిగినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరగకముందే చనిపోతున్నారంటే ఎక్కువమంది విషయంలో ఇలాంటి చిక్కులే కారణం. వీలైనంతవరకు 48 గంటల్లోపు ఆపరేషన్ చేసి, మర్నాడే లేపి నిలబెట్టడం ఇవాళ్టి పద్ధతి. గుండె, షుగర్ ఉన్నాయని వయసును చూసి ముందే వద్దనుకోకుండా మత్తు డాక్టర్‌ని కూడా అడిగి నిర్ణయించుకోండి.

ఆపరేషన్ అయ్యాక ఇంకో పని మిగిలి ఉంటుంది. విరిగిన ఎముకకు రాడ్డు వేశారు సరే, మిగతా ఎముకల సంగతేంటి? ఎముక బలానికి వారానికోసారి వేసుకునే మాత్రలు, ఏడాదికోసారి ఇచ్చే ఇంజెక్షన్ ఉన్నాయి. తుంటి విరిగి ఆపరేషన్ అయినవారికి ఏడాదికోసారి ఆ ఇంజెక్షన్ ఇస్తే మళ్లీ ఎముక విరగడం 35 శాతం తగ్గిందని 2007లోనే తేలింది. డిశ్చార్జి కాగితాల్లో ఆ మందు లేకపోతే మీరే అడగండి.

తలకు దెబ్బ తగిలితే బయటికి రక్తం రాకపోయినా తేలిగ్గా తీసుకోవద్దు. రక్తం పలచబడే మందులు వాడేవారిని వెంటనే ఆసుపత్రిలో చూపించాలి. కొందరిలో మెదడు పైపొర కింద రక్తం బొట్టుబొట్టుగా చేరి, రెండు మూడు వారాల తర్వాత తలనొప్పి, మగత, మతిమరుపు, నడక తడబాటు కనిపిస్తాయి. ‘వయసు మీద పడింది’ అనుకునే లోపు ‘ఆమధ్య పడ్డారు కదా’ అన్నది గుర్తు రావాలి.

భయాన్ని తగ్గించడమూ వైద్యమే

ఒకసారి పడినవారి మనసులో భయం కూర్చుంటుంది. అడుగులు చిన్నవవుతాయి, చూపు నేలకే అతుక్కుంటుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. అలా నడిచే మనిషి మళ్లీ పడే అవకాశమే ఎక్కువ. ఇంట్లోవాళ్లు చేయాల్సింది వాళ్ల భయానికి మన భయం కలపకపోవడం. ‘పెరట్లోకి వెళ్లకు’ అనే బదులు పెరట్లోకి దిగే మెట్టు దగ్గర కడ్డీ పెట్టించండి. ‘గుడికెందుకు’ అనే బదులు మొదటి వారం పక్కన నడవండి. కూరగాయలు తరగడం, మొక్కలకు నీళ్లు పోయడం, మనవణ్ని బస్సు దాకా దింపి రావడం... వాళ్ల చేతిలో ఉన్న పనులు లాక్కోకండి. ఆ పనులే వాళ్ల కాళ్లకు వ్యాయామం, మనసుకు ధైర్యం.

పెద్దవాళ్లకూ ఒక మనవి. పడితే దాచకండి. దాచిన ఒక్క తూలుడే తర్వాత ఆరు నెలల మంచం అవుతుంది. చెబితే ఒక మాత్ర మారుతుంది, ఒక కడ్డీ బిగుస్తుంది, కళ్లద్దాల పవరు సరిపోతుంది. మీ ఇంట్లో, మీ కాళ్ల మీద మీరు నడుస్తూ ఉండటానికే ఇదంతా.